పెద్దపేగులో కొవ్వు గడ్డ: నా అనుభవం

కొవ్వు గడ్డలంటే చేతి మీదో వీపు మీదో చర్మం కింద వేలికి మెత్తగా తగిలి పక్కకి జారే ఉండలని మాత్రమే నాకు తెలుసు. మా మేనత్తకి మోచేతి పైన అలాంటిది ఏళ్ళ తరబడి ఉంది, ఆవిడని ఏమీ ఇబ్బంది పెట్టలేదు. అదే గడ్డ పెద్దపేగు లోపల కూడా వస్తుందనీ, అక్కడ పెరిగితే మనిషిలో రక్తం నెమ్మదిగా తగ్గిపోతుందనీ యాభై ఏడో ఏట నా ఒంట్లో చూశాక గానీ తెలియలేదు. దాన్ని లైపోమా అంటారు. క్యాన్సర్ కాదు. కానీ ‘పేగులో గడ్డ’ అన్న మాట విన్న దగ్గర్నుంచి అది క్యాన్సర్ కాదని తేలేదాకా గడిచే రోజులు చాలా కష్టం. ఆ రోజుల్లో ఏ పరీక్ష దేనికి చేస్తున్నారో, ఏ రిపోర్టు ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో ఎవరైనా మన భాషలో విడమరిచి చెబితే బాగుండునని ఎంతగానో అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ముందుగా వచ్చింది ఆయాసం. మేడ మీది క్లాసుకి ఎక్కేసరికి గుండె దడదడలాడేది. బోర్డు మీద ఒక లెక్క పూర్తిచేసి కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 అని వచ్చింది. మేం మొదట చూపించుకున్న డాక్టరు గారు ‘ఆడవాళ్ళకి ఇది మామూలే’ అని ఐరన్ మాత్రలు రాసిచ్చారు. మాత్రలు వాడుతున్నంత కాలం కాస్త పెరిగేది, ఆపగానే మళ్ళీ పడిపోయేది. దీనికి తోడు అప్పుడప్పుడు భోజనమయ్యాక పొట్ట కుడివైపు మెలిపెట్టినట్టు నొప్పి. అలలు అలలుగా వచ్చి, గంటా గంటన్నరకి దానంతటదే సర్దుకునేది. గ్యాస్ అని దానికి కూడా మాత్రలు ఇచ్చారు.

గుంటూరులో ఇంకో ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “నెలసరి ఆగి ఎన్నాళ్ళయిందమ్మా?” ఆరేడేళ్ళయిందన్నాను. “మరైతే రక్తం ఎటు పోతోందో వెతకాలి కదా. మాత్రలిచ్చి ఊరుకోకూడదు” అన్నారు. ఈ ఒక్క మాట కోసం ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో గానీ, మగవాళ్ళలో గానీ ఐరన్ తక్కువై రక్తహీనత వస్తే పొట్టనీ పేగుల్నీ పరీక్షించి తీరాలి. పైకి కనపడకుండా కొద్దికొద్దిగా రక్తం పోయే చోటు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మలం ఎలాగూ నల్లగానే వస్తుంది కాబట్టి రంగు చూసి ఏమీ చెప్పలేం. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష ఒకటి ఉంది. నాకు అది పాజిటివ్ వచ్చింది. దాంతో కెమెరా ఉన్న గొట్టంతో లోపల చూసే పరీక్షలు, గొంతులోంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ, రెండూ ఒకే రోజున చేద్దామన్నారు.

కొలనోస్కోపీ అంటే జనం భయపడేది పరీక్షకి. నిజానికి కష్టమంతా ముందు రోజుదే. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపించారు. ఆపకపోతే పేగు గోడకి నల్లగా అంటుకుని కెమెరాకి ఏమీ కనపడదట. ముందు రెండు మూడు రోజులు గింజలూ తొక్కలూ పీచూ లేని తిండి తినమన్నారు. గోంగూర, తోటకూర, టమాటా, జామకాయ అన్నీ బంద్. తెల్లన్నం, పలచటి మజ్జిగ, ఇడ్లీ. చివరి రోజు ద్రవాలే: కొబ్బరినీళ్ళు, పాలు లేని టీ, వడకట్టిన పప్పుకట్టు. ఎర్ర రంగు పానీయాలు తాగొద్దన్నారు, లోపల చూసినప్పుడు రక్తంలా కనపడతాయని. సాయంత్రం నుంచి పేగు శుభ్రం చేసే పౌడరు కలిపిన నీళ్ళు. ఉప్పగా, కాస్త జిడ్డుగా ఉంటాయి. ఫ్రిజ్‌లో చల్లబరిచి, గ్లాసు గ్లాసుకీ మధ్య నిమ్మ చెక్క నాకితే దిగుతాయి. సగం రాత్రి తాగి, మిగతా సగం తెల్లవారుజామున తాగమన్నారు. అలా రెండు విడతలుగా తాగితేనే పేగు బాగా శుభ్రమవుతుందని నర్సమ్మ చెప్పింది. చివరికి వచ్చేది లేత పసుపు నీళ్ళలా ఉండాలి. ఇందులో కక్కుర్తి పడకండి. పేగు శుభ్రంగా లేకపోతే పరీక్ష మళ్ళీ చేయాల్సి వస్తుంది.

పరీక్ష మాత్రం నాకు తెలియనే లేదు. చేతికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, కళ్ళు తెరిచేసరికి అయిపోయింది. మత్తు పూర్తిగా దిగాక గ్యాస్ట్రో డాక్టరు గారు మావారినీ నన్నూ లోపలికి పిలిచి స్క్రీన్ మీద బొమ్మలు చూపించారు. పొట్టలో ఏమీ లేదు. పెద్దపేగులో, చిన్నపేగు కలిసే చోటుకి కాస్త పైన, కుడివైపు గుండ్రంగా ఒక గడ్డ. చుట్టూ ఉన్న పేగు లేత గులాబీ రంగులో ఉంటే గడ్డ పసుపుగా, నున్నగా ఉంది. నెత్తి మీద మాత్రం ఒరుసుకుపోయి ఎర్రటి పుండు. రక్తం పోతున్నది అక్కడి నుంచే. “ఇది చూడండమ్మా” అని వీడియో నడిపించారు. మూసి ఉన్న చిన్న పట్టకారుతో గడ్డని నొక్కితే మెత్తగా లోపలికి సొట్ట పడింది. తీసేయగానే మళ్ళీ పైకి లేచింది. దాన్ని దిండు గుర్తు అంటారట. క్యాన్సర్ గడ్డ గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఇలా నొక్కుకోదు అన్నారు. “నూటికి తొంభై పాళ్ళు కొవ్వు గడ్డే అనుకుంటున్నా. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే ల్యాబ్ పరీక్షకి, పంపాం. సి.టి. స్కాన్ కూడా చేద్దాం” అన్నారు.

ఆ మిగతా పది పాళ్ళు మా ఇంట్లో ఎవర్నీ నిద్రపోనివ్వలేదు. బెంగళూరు నుంచి మా అమ్మాయి రోజుకి నాలుగైదు సార్లు ఫోన్. మా తమ్ముడు హైదరాబాద్ వచ్చేయమని. మా వదిన అయితే పూజ గదిలోంచి బయటికి రాలేదు. వచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట: నెయ్యి ఎక్కువ తింటావు, అందుకే కొవ్వు గడ్డ కట్టింది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. జబ్బు వచ్చినవాళ్ళ మీద, అందులోనూ ఆడవాళ్ళ మీద, తిండి పేరుతో తప్పు మోపడం మనకి అలవాటు. డాక్టరు గారిని సూటిగా అడిగాను. తినే నెయ్యి నూనెల వల్ల ఈ గడ్డ రాదు, పేగు గోడలో సహజంగా ఉండే కొవ్వు కణాలే ఒకచోట పెరిగి ఇలా తయారవుతాయి అన్నారు. ఎక్కువగా యాభై దాటినవాళ్ళలో, ఎక్కువగా పెద్దపేగు కుడి భాగంలో కనపడుతుందట. నాకు రెండూ సరిపోయాయి.

బయాప్సీ రిపోర్టు రాగానే మరో టెన్షన్. అందులో లైపోమా అని లేదు, క్యాన్సర్ అనీ లేదు. పేగు లోపలి పొర మామూలుగానే ఉంది, కాస్త వాపు ఉంది అని మాత్రమే రాశారు. ‘అయితే గడ్డ ఏమైనట్టు?’ అని మావారు. ముక్క సరిగ్గా తీయలేదేమో, వేరే ల్యాబ్‌కి పంపాలేమో అని అందరూ తర్జనభర్జన. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ గడ్డ ఉన్న చాలామందికి ఇలాంటి రిపోర్టే వస్తుంది. పేగు గోడలో పొరలుంటాయి. అన్నిటికన్నా లోపలిది మలం తగిలే పలచటి పొర. దాని కింద ఇంకో పొర. లైపోమా సాధారణంగా పెరిగేది ఆ కింది పొరలో. పట్టకారు గిల్లి తెచ్చేది పైపొరని మాత్రమే. పైపొర మామూలుగా ఉంటుంది కాబట్టి రిపోర్టు కూడా మామూలుగానే వస్తుంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ గిల్లితే కింది నుంచి పసుపు కొవ్వు బయటికి ఉబికి వస్తుంది, అదొక గుర్తేనట. నాకు పుండు ఉంది కాబట్టి ఎక్కువ గిల్లలేదన్నారు. అంటే బయాప్సీలో ఏమీ తేలకపోవడం ఈ జబ్బులో అసహజం కాదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే మేం అంత నలిగిపోయేవాళ్ళం కాదు.

అసలు తేల్చింది సి.టి. స్కాన్. ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడటానికి క్రియాటినిన్ పరీక్ష చేసి, తర్వాత చేతి నరంలోకి మందు ఎక్కించి తీశారు. మందు ఎక్కుతున్నప్పుడు గొంతులోంచి కాళ్ళ దాకా వేడి పాకుతుంది, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఈ స్కాన్‌లో ప్రతి చోటుకీ ఒక అంకె ఉంటుందని రేడియాలజీ డాక్టరమ్మ చెప్పినప్పుడు నాలోని లెక్కల టీచరు లేచి కూర్చుంది. నీటికి సున్నా. గాలికి మైనస్ 1000. కండరం లాంటి వాటికి యాభై దరిదాపుల్లో ప్లస్ అంకె. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి దాని అంకె సున్నాకి దిగువన, సుమారు మైనస్ 100 దగ్గర ఉంటుంది. క్యాన్సర్ గడ్డ అయితే కండరంలాగే ప్లస్ వైపు ఉంటుంది. ఈ కొలతకి సి.టి. యంత్రాన్ని తయారుచేసిన ఇంగ్లీషు ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. ఆయనకి 1979లో, మరొక శాస్త్రవేత్తతో కలిపి, నోబెల్ బహుమతి ఇచ్చారు. నా గడ్డ అంకె మైనస్ 98. ఏడో తరగతి పిల్లలకి రుణ సంఖ్యలు ఎన్ని ఏళ్ళు చెప్పానో! ఆ మైనస్ గుర్తు చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అదే స్కాన్‌లో ఇంకో సంగతి కూడా బయటపడింది. గడ్డ 4.6 సెంటీమీటర్లు ఉంది. దాన్ని పట్టుకుని పేగు ఒక భాగం పక్క భాగంలోకి దూరి ఉంది. పేగు ఎప్పుడూ అన్నాన్ని ముందుకి తోస్తూ ఉంటుంది కదా, ఈ గడ్డని కూడా అన్నమే అనుకుని తోయబోతే గడ్డతో పాటు గోడ కూడా లోపలికి లాక్కుపోతుందట. చిన్నపిల్లల్లో ఇలా పేగులో పేగు దూరడానికి చాలాసార్లు కారణం కనపడదు. పెద్దవాళ్ళలో మాత్రం ఎక్కువగా ఏదో ఒక గడ్డే కారణం. భోజనమయ్యాక వచ్చి పోయే నొప్పి అదేనన్నమాట: దూరినప్పుడు నొప్పి, విడిపోగానే ఉపశమనం. విడిపోకుండా బిగుసుకుంటే పేగుకి రక్తం అందక అర్ధరాత్రి అత్యవసర ఆపరేషన్ అవుతుందని కూడా చెప్పారు.

అక్కడే వేచి ఉండే హాల్లో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. మామూలుగా చేసిన కొలనోస్కోపీలో ఆయనకి కూడా కొవ్వు గడ్డే కనపడిందట, ఒకటిన్నర సెంటీమీటర్లు. నొప్పి లేదు, రక్తం పోవడం లేదు. డాక్టరు ముట్టుకోవద్దన్నారని, మందు కూడా ఇవ్వలేదని ఆయన దిగులుగా చెప్పారు. అదే సరైన వైద్యమని నాకు తర్వాత అర్థమైంది. లైపోమా క్యాన్సర్‌గా మారదు. చిన్నదిగా ఉండి, ఏ బాధా పెట్టకపోతే దాన్ని అలా వదిలేయడమే మంచిది. సాధారణంగా రెండు సెంటీమీటర్లు దాటాకే బాధలు మొదలవుతాయి, నాలుగు దాటితే ఇంకా ఎక్కువ. ఏమీ చేయొద్దన్న డాక్టరు పట్టించుకోలేదని అనుకోకండి.

నా విషయంలో తీయాల్సిందే. ఎలా తీయాలన్నదే ప్రశ్న. కెమెరా గొట్టంలోంచే తీసేయొచ్చు కదా, పొట్ట కోయడం ఎందుకని అడిగాను. గ్యాస్ట్రో డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గడ్డకి సన్నటి కాడ ఉంటే దాని చుట్టూ నైలాన్ ఉచ్చు బిగించవచ్చు. రక్తం అందక గడ్డ కొన్నాళ్ళకి ఊడి మలంలో పడిపోతుంది. లేదా తీగ ఉచ్చు వేసి కరెంటుతో కోయవచ్చు. కానీ కొవ్వు కరెంటుని సరిగ్గా పోనివ్వదు. తెగడానికి ఎక్కువసేపు కరెంటు ఇవ్వాలి, ఆ వేడికి గోడ కాలి చిల్లు పడొచ్చు. కుడివైపు పేగు గోడ అసలే పలచన. నా గడ్డకి కాడ లేదు, వెడల్పాటి మొదలు ఉంది, పైగా పేగు లోపలికి దూరుతోంది. “చేయగలనేమో గానీ, మా అమ్మకైతే చేయను” అన్నారు ఆయన. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?

సర్జన్ గారు చెప్పింది లాప్రోస్కోపీ ఆపరేషన్, అంటే పొట్ట మీద చిన్న చిన్న కోతల్లోంచి కెమెరాతో చేసేది. గడ్డ ఒక్కటే కాదు, చిన్నపేగు చివరి కొద్ది భాగం, అపెండిక్స్, పెద్దపేగు కుడి భాగం కలిపి తీసేసి, మిగిలిన రెండు కొసల్నీ కలిపి కుడతారట. ప్రమాదం లేని గడ్డకి ఇంత పేగు తీయడమేమిటని నాకు మనసొప్పలేదు. అదే అడిగాను. పేగు గోడ కోసి గడ్డని మాత్రం తీసి మళ్ళీ కుట్టేసే పద్ధతి కూడా ఉందని ఆయనే ఒప్పుకున్నారు. అయితే నాకు గడ్డ పైన పుండు ఉంది, స్కాన్‌లో గడ్డ పైభాగపు కొవ్వు చెదిరినట్టు ఉంది, రక్తం అందక కుళ్ళి ఉండొచ్చు. దూరి దూరి వాచిన గోడకి కుట్టు వేస్తే సరిగ్గా అతకదు. గడ్డ ఉన్నది చిన్నపేగు కలిసే కవాటానికి దగ్గరలో. అక్కడి పేగుకి రక్తనాళాలు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్న చోట కోసి, ఆరోగ్యంగా ఉన్న చోట అతకడమే మేలు. ఇదీ ఆయన లెక్క. మా అమ్మాయి కోరిక మీద విజయవాడలో ఇంకో సర్జన్‌కి రిపోర్టులూ స్కాన్ సి.డి.యూ చూపించాం. ఆయన కూడా అదే చెప్పారు. అప్పుడు ఒప్పుకున్నాను. రెండో అభిప్రాయం అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారని మన భయం. మా సర్జన్ గారు సి.డి. తానే తీసి చేతికిచ్చారు.

ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు రక్తం పెంచడానికే పట్టింది. మాత్రలు కాకుండా ఐరన్‌ని సెలైన్‌లో కలిపి ఎక్కించారు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఊపిరి లోపలికి పీల్చి బంతుల్ని పైకి లేపడం సాధన చేయమన్నారు. మొదట్లో ఒక్క బంతే లేచేది. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో కఫం పట్టకుండా అది నిజంగా ఆదుకుంది.

ఆపరేషన్ రోజు గురించి నాకు గుర్తున్నది చాలా తక్కువ. మత్తు దిగాక పొట్ట మీద చిన్న చిన్న పట్టీలు, బొడ్డు దగ్గర మాత్రం కాస్త పెద్ద కోత. పేగు ముక్కని బయటికి తీసింది అందులోంచే. ఎవరూ చెప్పనిది, నన్ను భయపెట్టినది భుజం నొప్పి. పొట్టకి చేస్తే భుజం ఎందుకు లాగుతుంది? పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ కాస్త మిగిలి, ఊపిరితిత్తుల కింది పొరని ఒత్తితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. నడిస్తే తగ్గుతుందన్నారు, నిజంగానే తగ్గింది. మర్నాడే లేపి నడిపించారు. ఇక రౌండ్స్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది, గ్యాస్ పోయిందా అని. పేగు మళ్ళీ పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం. పోయిందని చెప్పిన పూట వార్డు నర్సమ్మ నాకన్నా ఎక్కువ సంతోషించింది. నీళ్ళు, కొబ్బరినీళ్ళు, రాగిజావ, తర్వాత మెత్తటి ఇడ్లీ, అలా ఒక్కో మెట్టూ.

తీసిన గడ్డని మావారికి చూపించారు. ట్రేలో నిలువునా కోసి పెట్టారట. లోపలంతా వెన్నముద్దలా పసుపు, నెత్తి మీద మాత్రం నల్లబడిన మచ్చ. ఆయన ఫోటో తీసుకున్నారు. నేను ఇంటికొచ్చాకే చూశాను. ఇంత మెత్తటిది నన్ను ఇన్నాళ్ళు మెట్లెక్కనివ్వలేదా అనిపించింది. కొద్దిరోజుల్లో చివరి రిపోర్టు వచ్చింది: కింది పొరలోని లైపోమా, మామూలు కొవ్వు కణాలు, పైన పుండు, కొంత కొవ్వు కుళ్ళు, క్యాన్సర్ ఛాయలు లేవు, పక్కనున్న లింఫ్ గ్రంథుల్లో కూడా ఏమీ లేదు. మా వదిన ఆ కాగితం దేవుడి ముందు పెట్టి దీపం వెలిగించింది.

ఆ తర్వాత ఇబ్బంది పెట్టింది విరేచనాలు. కుడి భాగం తీసేస్తే నీరు పీల్చుకునే పేగు కొంత తగ్గుతుంది, చిన్నపేగుకీ పెద్దపేగుకీ మధ్య ఉండే కవాటమూ పోతుంది. పైత్యరసం కూడా నేరుగా పెద్దపేగులోకి దిగిపోతుంది. మొదటి వారాల్లో తిన్న వెంటనే పరుగు పెట్టాల్సి వచ్చేది. స్కూలుకి వెళ్ళాలంటే అదే దిగులు. నూనె వేపుళ్ళు తగ్గించి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిన్నాను. పెరుగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ బాగా పడ్డాయి. పాలు పడలేదు. నెలలు గడిచే కొద్దీ దానంతటదే గట్టిపడింది. ఇప్పుడు రోజుకి రెండుసార్లు, అంతే. నెయ్యి మళ్ళీ తింటున్నాను, గోంగూర కూడా.

చిన్నపేగు చివరి భాగమే బి12 విటమిన్‌ని పీల్చుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి దాన్ని పరీక్షించుకోమన్నారు. నాకు తీసింది కొద్ది భాగమే, ఇప్పటికైతే బాగానే ఉంది. కుట్టు వేసిన చోటుని చూడటానికి ఒకసారి కొలనోస్కోపీ చేశారు, శుభ్రంగా ఉంది. ఇంకేమైనా కనపడితే తప్ప ప్రత్యేకంగా రానక్కర్లేదు, వయసు బట్టి అందరూ చేయించుకునే పరీక్షలే చాలన్నారు. హిమోగ్లోబిన్ ఈ మధ్య 12.4 వచ్చింది, ఐరన్ మాత్రలు ఆపేసి చాలా కాలమైంది. ఈ సంవత్సరం కూడా పదో తరగతి వాళ్ళ క్లాసు మేడ మీదే.